పట్టికలో ఇమిడిన నగరం: ద్విచక్రవాహన డ్రైవింగ్ సైకిల్ కథ

మోటారు సైకిల్ ఇంజిను తీరును శాసించే వాటిలో ఇనుముతో పనిలేని నిర్మాణం ఒకటుంది. బండి ఏ సెకనులో ఎంత వేగంతో ఉండాలో నిర్దేశించే ఆ అంకెల పట్టికను ఇంజినీర్లు డ్రైవింగ్ సైకిల్ అంటారు. ప్రయోగశాలలో బండి చక్రాన్ని చాసిస్ డైనమోమీటర్ అనే యంత్రపు రోలరుపై నిలిపి, గాలి నిరోధానికి సరిపడే భారాన్ని ఆ రోలరు ద్వారానే కలిగించి, తెరపై కదిలే వేగరేఖను చోదకుడు అనుసరిస్తుండగా, పొగగొట్టం నుంచి వెలువడే వాయువులను పట్టి విశ్లేషిస్తారు. పట్టిక అడగని పనిలో ఇంజిను ఎంత పొగ విడిచినా ఆ పరీక్షకు తెలియదు.

భారతీయ డ్రైవింగ్ సైకిల్‌ను 1980లలో పుణెలోని ఏఆర్ఏఐ పరిశోధన సంస్థ రూపొందించింది. 108 సెకన్ల ఈ సైకిల్‌ను పరీక్షలో 6 సార్లు తిప్పితే 648 సెకన్లలో 3.948 కిలోమీటర్లు పూర్తవుతాయి. సగటు వేగం గంటకు 21.93 కిలోమీటర్లు, గరిష్ఠం 42. నగరానికి ఆ సగటు నమ్మదగినదే గానీ లోపమంతా త్వరణంలో, అంటే వేగం పెరిగే రేటులో ఉంది. ఒక్కో సెకనులో వేగం సెకనుకు 0.65 మీటర్లకు మించి పెరగనివ్వని ఆ లెక్కన, నిలిచిన బండి 42 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు 18 సెకన్లు కావాలి. పచ్చదీపం వెలిగాక అంత తీరికగా కదిలే మోటారు సైకిల్ హైదరాబాదులోనో విజయవాడలోనో కనిపిస్తే వెనుకవారి హారన్లు దానిని వదలవు. ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు ఇంజినుకు గాలి పాలు తగ్గి ఇంధనం పాలు పెరిగితే, కార్బన్ మోనాక్సైడు, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు ఎక్కువవుతాయి కనుక ఈ లోపం చిన్నది కాదు.

వాస్తవ రహదారికి దగ్గరి సైకిల్‌ను తయారుచేయడానికి కార్ల విషయంలో ఒక కారును మరో కారు వెంబడించి వేగం నమోదు చేసే పద్ధతి ఉంది. వాహనాల వరుసల సందుల్లోంచి ముందుకు జారిపోయే మోటారు సైకిల్‌ను ఏ కారూ వెంబడించలేదు కాబట్టి వేగాన్ని సెకను సెకనుకూ రాసే పరికరాన్ని బండికే అమర్చాలి. స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరపు మోటారు సైకిళ్లకు వాస్తవ డ్రైవింగ్ సైకిల్‌ను రూపొందించిన అధ్యయనం 2009లో వెలువడింది. ఇలాంటి పనిలో సాధారణంగా, ఒకచోట ఆగడం మొదలు తరువాత మళ్లీ ఆగడం వరకు సాగే నడకను సూక్ష్మ ప్రయాణంగా విడదీసి, అటువంటి ముక్కలను రకరకాలుగా కూర్చి, సగటు వేగంలోనూ త్వరణంలోనూ ఆగి ఉన్న కాలపు వాటాలోనూ మొత్తం సమాచారానికి అతి దగ్గరగా వచ్చిన కూర్పును ఎంచుకుంటారు. చివరికి ఆ రూపంలో ఏ చోదకుడూ నడపని ప్రయాణమే నగరానికి ప్రతినిధి అవుతుంది!

ఇందుకు భిన్నంగా, ప్రపంచమంతటికీ ఒకటిగా ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 2005లో స్థిరపరచిన ప్రపంచ మోటారు సైకిల్ పరీక్షా సైకిల్, అంటే డబ్ల్యుఎంటీసీ, నగరం, గ్రామీణ మార్గం, హైవేలకు 600 సెకన్ల చొప్పున మూడు భాగాలతో 1,800 సెకన్లు నడుస్తుంది. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 ఉద్గార ప్రమాణాలు పూర్తిగా అమలులోకి వచ్చేసరికి భారతీయ ద్విచక్రవాహనాలు దీని కిందికి మారాయి. అయితే చిన్న ఇంజిన్ల బళ్లకు నగర భాగాన్ని మాత్రమే, అదీ 50 కిలోమీటర్ల వేగానికి కుదించి వర్తింపజేస్తారు. పాత పట్టిక కంటే ఇది నిస్సందేహంగా మెరుగు. కానీ ప్రపంచమంతటికీ కుట్టిన ఈ చొక్కా ఏ ఒక్క నగరానికీ సరిగ్గా అమరదు కనుక, కొత్త బళ్ల నమూనాల ఆమోదానికి దీనిని వాడుకున్నా, తమ వీధుల కాలుష్యాన్ని లెక్కించుకోవడానికి నగరాలు సొంత సైకిళ్లను కొలిచి తయారుచేసుకోక తప్పదు.