గుత్తిలో ఉగ్గాని, పక్కన బజ్జీ

గుత్తి కోట ఎక్కాలంటే ఎండ ముదరకముందే మొదలుపెట్టాలి. మైదానం మీద దాదాపు 300 మీటర్లు లేచిన రాతికొండ అది. పైన మరాఠా సేనాని మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపం దగ్గర నిలబడితే ఊరంతా కాళ్ల కింద పరుచుకుంటుంది. 1776లో హైదరాలీ ముట్టడిలో ఈ కోటను లొంగదీసింది నీళ్ల కరువే. కొండ దిగేసరికి ఎవరికైనా ఆకలి నకనకలాడుతుంది. అప్పుడు తినాల్సింది ఉగ్గాని బజ్జీ.

ఉగ్గాని చేసేది మరమరాలతో. కోస్తాలో అలా అనేవాటిని ఇక్కడ బొరుగులు అంటారు. వాటిని నీళ్లలో ముంచి వెంటనే పిండేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేసిన తిరగమాతలో కలిపి, పుట్నాల పొడి, నిమ్మరసం, కొత్తిమీర చల్లుతారు. బట్టీలో వేడి ఇసుకలో ముందే వేగిన గింజ కాబట్టి మళ్లీ ఉడికించే పనిలేదు. చెంబెడు నీళ్లు, కాసేపు మంట చాలు. వాన ముఖం చూడని ఈ సీమకు ఇంతకన్నా తగిన ఫలహారం ఉండదేమో!

బళ్లారి వైపు దీన్నే ఒగ్గరణె అంటారు. కన్నడంలో ఆ మాటకు తిరగమాత అని అర్థం. ఇంకాస్త ముందుకెళ్లి దావణగెరె చేరితే బొరుగులు మండక్కి అవుతాయి. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం అక్కడా తప్పదు.

చిన్న ప్లేటు, చేతిలో పట్టుకుని నిలబడి తినడం, నాలుగు మాటలు, మళ్లీ నడక. ఈ అలవాటుకు స్పెయిన్‌లో పెద్ద పేరుంది. అక్కడ ఈ చిరుతిళ్లను తాపాస్ అంటారు; తాపా అంటే మూత. గ్రనాడా నగరంలో తాగడానికి ఏదైనా అడిగితే చాలు, దానితోపాటు ఒక చిన్న ప్లేటు ఉచితంగా వస్తుంది. జనం ఒక కొట్టులో ఒకటి, మరో కొట్టులో ఇంకొకటి రుచి చూస్తూ సాయంత్రమంతా తిరుగుతారు. వాటిలో గుత్తివాళ్లు చూడగానే పోల్చుకునేది ఒకటుంది. వాయవ్య స్పెయిన్‌లోని పద్రోన్ ఊరి పేరుతో పిలిచే పచ్చిమిరపకాయలను నూనెలో వేయించి, పైన ఉప్పు చల్లి పెడతారు. చాలావరకు చప్పగానే ఉంటాయి. ఎక్కడో ఒకటి నాలుకను చుర్రుమనిపిస్తుంది.

ఈ పోలిక వెనక చరిత్ర ఉంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 15వ శతాబ్దం చివర కొలంబస్ యాత్రలతో అది స్పెయిన్ చేరింది. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో మన పడమటి తీరానికి వచ్చింది. 1336లో విజయనగరం వెలసిననాటికి ఈ నేల మీద మిరపకాయే లేదు. అనంతపురం రైతు నమ్ముకున్న చెనక్కాయ కూడా దక్షిణ అమెరికాదే. పద్రోన్ వేపుడూ గుత్తి బజ్జీ దూరపు చుట్టాలన్నమాట.

ఇంతకీ మంచి ఉగ్గాని ఎక్కడ దొరుకుతుంది? బోర్డు మీద పేరు కన్నా పొయ్యిని చూడటం మేలు. ఉదయం పూట బాణలి ఎదురుగా ఉండి, బజ్జీలు వాయ తర్వాత వాయ దిగుతూ, ఉగ్గాని కొంచెం కొంచెంగా కలిపే చోట ఆగాలి. ఒకేసారి గంపెడు కలిపి మూతపెడితే ఆవిరికి బొరుగులు ముద్దయిపోతాయి. గింజ మెత్తబడాలి, కానీ దేనికది విడిగా ఉండాలి. పుట్నాల పొడి ప్రతి గింజకూ పట్టాలి. చాలామంది పొరపడేది ఇక్కడే: నిమ్మరసం ఎక్కువైతే ఆ పొడి కమ్మదనం పోతుంది.

బజ్జీకి కారం తక్కువుండే పొడుగు మిరపకాయలు కావాలి. శెనగపిండిలో వాము వాసన తెలియాలి, పూత పలచగా ఉండాలి. కొరికితే లోపలి కాయ మగ్గి ఉండాలి. దాన్ని విడిగా తినేయకూడదు. వేడి మీదే తుంచి, ఉగ్గానిలో కలిపి, రెండూ ఒకే ముద్దగా నోట్లో పెట్టుకోవాలి.