దాయాదుల సముద్రము: గ్రీకులు, టర్కులు

గ్రీసు దేశమున మార్చి 25వ తేదీ జాతీయ పర్వదినము. టర్కీలో ఆగస్టు 30వ తేదీ విజయదినము. మొదటిది 1821లో టర్కుల ఏలుబడిపై గ్రీకులు చేసిన తిరుగుబాటునకు స్మారకము. రెండవది 1922లో దుమ్లుపినార్ వద్ద టర్కులు గ్రీకుసేనను ఓడించిన యుద్ధమునకు స్మారకము. ఇరువైపుల బాలలకును స్వదేశ చరిత్రలోని ఉజ్జ్వల ఘట్టము పొరుగువానిపై గెలిచిన కథయే. ఈ రెండు జాతుల వైరమును గ్రహింపగోరువారు ఇచ్చటనుండియే ఆరంభింపవలెను.

1453లో సుల్తాను రెండవ మెహమెద్ కాన్‌స్టాంటినోపిల్ నగరమును జయించెను. 1830లో స్వతంత్ర గ్రీసు ఏర్పడినను, గ్రీకులలో అధికసంఖ్యాకులు సరిహద్దున కావలనే మిగిలిపోయిరి. వారినందరిని ఒక్క రాజ్యమున చేర్చవలెనను 'మహాసంకల్పము' దాదాపు ఒక శతాబ్ది గ్రీకు రాజకీయములను నడిపించినది. ఆ సంకల్పమే 1919 మే నెలలో గ్రీకుసేనలను స్మిర్నా రేవున, అనగా నేటి ఇజ్మీరులో, దింపినది. ముస్తఫా కెమాల్ నాయకత్వమున టర్కులు వారిని తిప్పికొట్టి, 1922 సెప్టెంబరులో ఆ నగరమును ప్రవేశించిరి. కొలదిదినములకే అది అగ్నికి ఆహుతియైనది. ఒకే యుద్ధమును గ్రీకులు 'మహావిపత్తు' అందురు; టర్కులు 'కుర్తులుష్', అనగా విమోచన సంగ్రామ మందురు.

పిమ్మట జరిగినది మరింత శోచనీయము. 1923 జనవరి 30న లాసేన్‌లో ఉభయ ప్రభుత్వములును ప్రజలను మార్పిడి చేసికొన నొప్పుకొనెను. సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసునకు, మూడున్నర లక్షలకు పైగా ముస్లిములు టర్కీకి చేరిరి. వీరిలో అనేకులు అప్పటికే ప్రాణభీతితో ఇల్లు విడిచినవారు. వారు మరల ఇల్లు చేరుట ఆ ఒప్పందముతో అసాధ్యమైనది. ఎవరు గ్రీకు, ఎవరు టర్కు అని నిర్ణయించుటకు భాషను చూడలేదు, మతమునే చూచిరి. కరమాన్ ప్రాంతపు క్రైస్తవులు టర్కీ భాషనే మాటాడుచు, దానిని గ్రీకు లిపిలో వ్రాసికొనెడివారు. క్రీటు ద్వీపపు ముస్లిములకు గ్రీకే మాతృభాష. మొదటివారిని గ్రీసులో 'టర్కుల విత్తనము' అనియు, రెండవవారిని టర్కీలో 'సగము అవిశ్వాసులు' అనియు పరిహసించిరి. 1947 నాటి విభజన నెరిగిన మనకు ఈ దుఃఖము నెవరును వివరింప నక్కరలేదు.

అయినను పగ శాశ్వతము కాలేదు. స్మిర్నాకు సేనలను పంపిన ప్రధాని వెనిజెలోస్, 1930లో స్వయముగా అంకారాకు పోయి మైత్రీ సంధి చేసికొనెను. 1934లో ముస్తఫా కెమాల్‌నకు నోబెల్ శాంతి బహుమానము నీయవలెనని ప్రతిపాదించెను. 1941లో జర్మను ఆక్రమణ క్రింద గ్రీసు ఆకలితో అలమటించుచుండగా ఒక టర్కీ ఓడ ఆహారధాన్యములను మోసికొని వెళ్లినది. 1942 జనవరిలో మర్మరా సముద్రమున మునిగిపోయిన ఆ ఓడ పేరు కూడ 'కుర్తులుష్' అనియే!

మానిన గాయమును మరల రేపినది సైప్రస్ ద్వీపము. 1955 సెప్టెంబరులో ఆ వివాదము కారణముగా ఇస్తాంబుల్‌లోని గ్రీకుల ఇండ్లను, దుకాణములను, చర్చిలను అల్లరిమూకలు ధ్వంసము చేసినవి. 1964లో ఐక్యరాజ్యసమితి శాంతిసేన సైప్రస్‌లో దిగినది. దాని తొలి సేనాని మన భారతీయుడు జనరల్ జ్ఞానీ. ఆయన పిదప వచ్చిన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఆ ద్వీపముననే కన్నుమూసెను. 1974 జూలైలో ఏథెన్సు సైనిక నియంతల ప్రోద్బలమున అచ్చట కుట్ర జరుగగా, టర్కీ సేనలు దిగినవి. నాటినుండి ద్వీపము రెండుగా చీలియున్నది.

సముద్రముపైనను తగవే. టర్కీ తీరమునకు కూతవేటు దూరమున గ్రీకు ద్వీపములు కలవు. గ్రీసు తన జలాధికారమును 6 మైళ్లనుండి 12 మైళ్లకు పెంచినచో అది యుద్ధకారణమగునని 1995లో టర్కీ శాసనసభ తీర్మానించినది. మరుసటి జనవరిలో జనసంచారము లేని రెండు రాతిదిబ్బలకై ఉభయుల యుద్ధనౌకలు ఎదురెదురుగా నిలిచినవి. 1952లోనే నాటో కూటమిలో చేరిన ఈ మిత్రులకు, సూదిమొన మోపునంత నేల నీయనన్న సుయోధనుని పట్టుదలయే ఆదర్శమైనది.

1999 ఆగస్టు 17న టర్కీలో భూమి కంపించి 17 వేలమందికి పైగా మరణించిరి. గ్రీకులు సహాయమునకు పరుగెత్తిరి. మూడు వారములకు ఏథెన్సు కంపించగా టర్కులు వచ్చి శిథిలములను త్రవ్విరి. 2023 ఫిబ్రవరి భూకంపమున గ్రీకులు మరల వచ్చిరి. ఆ డిసెంబరులో ఏథెన్సున ఇరుదేశములును స్నేహప్రకటన కావించినవి. హద్దుల తగవు మాత్రము తీరలేదు.

దుమ్లుపినార్ పాఠ్యగ్రంథముల కెక్కినది. ధాన్యపు టోడను గూర్చి కూడ బాలలకు చెప్పు ఉపాధ్యాయుడు ఇరుతీరముల నుండవలెను. ఆ పాఠము చెప్పుటకు సంధిపత్రము లక్కరలేదు.