నిరాశ్రయులకు అశక్తతా భృతి: సహాయకుని వేతనమెవరు భరింతురు?

ప్రభుత్వము ఒక భృతిని శాసనము ద్వారా ఏర్పరచుట వేరు, ఆ భృతి అర్హుడైన వాని చేతికి చేరుట వేరు. ఈ రెంటి నడుమ దరఖాస్తు, ధ్రువపత్రములు, వైద్య పరీక్ష, విచారణ, ఉత్తర ప్రత్యుత్తరములు ఉండును. ఇల్లు, కుటుంబము, చదువు గలవాడు ఈ దూరమును ఎట్లో దాటగలడు. ఇల్లే లేనివాడు, అందునను శరీరమో మనస్సో దెబ్బతిన్నవాడు, ఒంటరిగా దాటజాలడు. అట్టివానికి తోడు నడచు మనిషి ఒకడు కావలెను. ఆ మనిషికి జీతము ఎక్కడనుండి రావలెను? ఈ ఏడు వచ్చిన నిధి మరుసటి ఏడు రానిచో ఆ పని ఏమి కావలెను?

ఈ ప్రశ్నలకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో గత ముప్పది సంవత్సరములుగా వెదకిన సమాధానములను పంచాయితీ సభ్యులకు వివరింపదలచితిమి. ధనిక దేశపు సంగతి మనకేల అని కొందరు అడుగవచ్చును. పింఛను కాగితము పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగువారిని తమ గ్రామముననే చూచుచున్న సభ్యులకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

భృతి స్వరూపము

అమెరికాలో అశక్తులకు కేంద్ర ప్రభుత్వమొసగు భృతులు ముఖ్యముగా రెండు. మొదటిది 1956వ సంవత్సరపు శాసనముచే ఏర్పడినది. ఉద్యోగము చేసి, సామాజిక భద్రతా పన్ను చెల్లించిన పిమ్మట అశక్తులైన వారికి ఇది వర్తించును. రెండవది 1972లో శాసనమై, 1974 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. పూర్వము పన్ను చెల్లింపకున్నను, ఆస్తియు ఆదాయమును లేని వృద్ధులకు, అంధులకు, అశక్తులకు ఇది వర్తించును. నిరాశ్రయులలో పెక్కుమంది కోరునది ఈ రెండవ భృతినే. 2025వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ఒంటరి మనిషికి దీని క్రింద ఇచ్చిన గరిష్ఠ మొత్తము నెలకు 967 డాలర్లు. పెక్కు రాష్ట్రములలో దీనితోపాటు మెడికెయిడ్ అను పేదల వైద్య సహాయము కూడ లభించును.

అర్హత నిబంధన కఠినమైనది. కనీసము 12 మాసములు ఉండునట్టి, లేక మరణమునకు దారి తీయునట్టి వ్యాధి వలన, జీవనమునకు చాలిన సంపాదన చేయజాలకున్నాడని వైద్య పత్రములతో ఋజువు కావలెను. దరఖాస్తును సామాజిక భద్రతా కార్యాలయమున ఇచ్చినను, వైద్య విషయమును పరిశీలించి నిర్ణయించునది ఆయా రాష్ట్రములోని ప్రత్యేక విభాగము.

నిరాశ్రయుడు ఎచట తప్పిపోవును?

2024 జనవరిలో ఒక రాత్రి జరిపిన లెక్కలో ఆ దేశమున 7,71,480 మంది నిరాశ్రయులుగా తేలిరి. కొందరు ఆశ్రయ గృహములలో, కొందరు వీధులలో, కొందరు తమ మోటారు కార్లలో ఆ రాత్రి గడపిరి. వీరిలో దీర్ఘవ్యాధులతోను మానసిక రుగ్మతలతోను బాధపడువారు అనేకులు. వ్యాధి కలదు, బీదరికము కలదు, శాసనము కలదు. అయినను భృతి రాకుండుటకు కారణములు మిక్కిలి సామాన్యమైనవి.

మొదటిది చిరునామా. వైద్య పరీక్షకు ఫలానా దినమున రావలెనని కార్యాలయము ఉత్తరము వ్రాయును. వీధిలో నిద్రించువానికి ఆ ఉత్తరము అందదు. పరీక్షకు రాలేదు గనుక ఆధారము చాలదని దరఖాస్తు తిరస్కరింపబడును. తిరస్కరణపై 60 దినములలో అప్పీలు చేసికొనవచ్చును గాని, ఆ తిరస్కరణ పత్రమును అతనికి అందదు.

రెండవది వైద్య పత్రములు. అతడు ఒక మాసము ఒక ఆసుపత్రిలోను, మరియొక మాసము వేరొక ఊరి చికిత్సాలయములోను, నడుమ కొంతకాలము చెరసాలలోను ఉండియుండును. ఆ కాగితములు పది చోట్ల చెదరియుండును. వాటిని ఒక్కచోట కూర్చువారుండరు.

మూడవది వ్యాధి స్వభావము. మనోవ్యాధి గలవాడు పెక్కుమారులు తనకు వ్యాధియే లేదనును. బల్లకు ఆవలనున్న ఉద్యోగి ఆ మాటనే వ్రాసికొనును.

తోడు నడచు పద్ధతి

1993లో బాల్టిమోర్ నగరమున మేరీలాండ్ విశ్వవిద్యాలయమువారు ఇట్టివారికి దరఖాస్తు విషయమున తోడ్పడు పథకము నొకదానిని ఆరంభించిరి. ఆ అనుభవము ఆధారముగా, మానసిక ఆరోగ్య సేవలను చూచు కేంద్ర ప్రభుత్వ సంస్థ 2005లో 'సోర్' అను పేరుతో ఆ పద్ధతిని దేశమంతటను వ్యాపింపజేసినది.

పద్ధతి ఇట్టిది. శిక్షణ పొందిన సహాయకుడు నిరాశ్రయుడున్న చోటికే పోయి పరిచయము చేసికొనును. అతని అంగీకారముతో అతనికి ప్రతినిధిగా కార్యాలయమున నమోదగును. అటుపిమ్మట ఉత్తరముల ప్రతులు ఆ సహాయకునికి కూడ వచ్చును. పది చోట్లనున్న వైద్య పత్రములను అతడే తెప్పించును. వ్యాధి ఆ మనిషి నిత్యజీవితమును ఎట్లు అడ్డుచున్నదో, ఏయే పనులు ఎందుకు చేయజాలకున్నాడో సవివరముగా ఒక నివేదిక వ్రాసి, వీలైనచో వైద్యుని సంతకముతో సమర్పించును. పంపుటకు ముందు ఆ కాగితములను మరియొకరు సరిచూతురు.

ఫలితము గమనింపదగినది. ఇట్లు పంపిన దరఖాస్తులలో సుమారు మూడింట రెండు వంతులు మొదటి నిర్ణయములోనే ఆమోదము పొందుచున్నట్లు ఆ కార్యక్రమపు లెక్కలు తెల్పినవి. తోడు లేని నిరాశ్రయుల దరఖాస్తులలో 10 నుండి 15 శాతము మాత్రమే నెగ్గునని వారి అంచనా. శాసనము మారలేదు, నిబంధన సడలలేదు. నిజమైన ఆధారము సరియైన సమయమున సరియైన బల్లపైకి చేరినది, అంతియే.

భృతికి నిధి కలదు, సహాయకునికి లేదు

ఇక అసలు చిక్కునకు వత్తము. ఒక్కొక్క దరఖాస్తుకు 20 నుండి 40 గంటల పని పట్టునని నిర్వాహకుల అంచనా. భృతి సొమ్ము శాసనమును బట్టి కేంద్ర ఖజానా నుండి వచ్చును. సహాయకుని జీతమునకు మాత్రము అట్టి ప్రత్యేక నిధి లేదు. 'సోర్' కార్యక్రమము శిక్షణను, సలహాను ఇచ్చినది గాని జీతములు ఇయ్యలేదు.

కావున రాష్ట్రములు, నగరములు అక్కడక్కడ ఉన్న నిధులను అతికించుకొనవలసి వచ్చినది. తీవ్ర మనోవ్యాధి గల నిరాశ్రయుల కొరకు 1990లో ఏర్పడిన కేంద్ర గ్రాంటు వాటిలో నొకటి. దీని క్రింద కేంద్రము ఇచ్చు ప్రతి 3 డాలర్లకు రాష్ట్రము పక్షమున 1 డాలరు చేర్చవలెను. గృహవసతి గ్రాంటులు, ధర్మ సంస్థల విరాళములు మరికొన్ని.

గ్రాంటునకు గడువు ఉండును. గడువు తీరి సహాయకుడు వెళ్లిపోయినచో సగము కూర్చిన ఫైలు అట్లే నిలిచిపోవును. కార్యాలయపు ఉత్తరములు లేని ప్రతినిధికి పోవుచుండును. అన్నిటికంటె మించి, ఎన్నో మాసములకు ఒకరిని నమ్మిన నిరాశ్రయుడు మరల ఎవరిని నమ్ముటకు ఇష్టపడడు. పనిని ఆరంభించుటకంటె నిలుపుట ముఖ్యమనుటకు కారణమిదియే.

ఆదా అయిన చోటనే నిధి

నిలిచిన కార్యక్రమములు ఒక సూత్రమును పాటించినవి: భృతి మంజూరైనచో ఎవరి ఖర్చు తగ్గునో వారినే సహాయకుని వేతనమునకు తోడ్పడుమని అడుగుట.

ఆసుపత్రులు ఇందు మొదటివి. డబ్బు చెల్లింపలేని రోగికి చేసిన చికిత్స ఆసుపత్రికి నష్టము. అతనికి భృతితోపాటు మెడికెయిడ్ లభించినచో ముందటి చికిత్స ఖర్చు రాగలదు. కొన్ని సందర్భములలో దరఖాస్తుకు పూర్వపు కొలది మాసముల వ్యయము కూడ చెల్లింపబడును. కావున ఒక సహాయకుని జీతము భరించుట ఆసుపత్రికి లాభమే.

రెండవవి స్థానిక ప్రభుత్వములు. భృతి వచ్చులోపల కొన్ని రాష్ట్రములు, కౌంటీలు పేదలకు తమ సొమ్ముతో తాత్కాలిక సహాయము చేయును. కౌంటీ అనగా మన జిల్లా వంటిది. భృతి మంజూరైనపుడు వచ్చు బకాయి నుండి ఈ సొమ్మును కేంద్రము వారికి తిరిగి ఇప్పించును. దీనికి దరఖాస్తుదారుని వ్రాతపూర్వకమైన అంగీకారము ముందుగానే ఉండవలెను. తిరిగి వచ్చినది సహాయపు సొమ్మే గాని సహాయకుని జీతము కాదు. అయినను అట్లు వచ్చినదానిని సహాయకుల పనికే మరల మళ్లించిన కౌంటీకి కొంత స్థిరత్వము చేకూరును. ఆ బకాయి పేదవాని హక్కు గనుక, ఎంత మినహాయింపబడునో అతనికి స్పష్టముగా చెప్పవలసియున్నది.

కాలిఫోర్నియా రాష్ట్రపు అనుభవము మిక్కిలి బోధకము. అశక్తులైన నిరాశ్రయుల కొరకు అచట 2016లో ఒక పథకము శాసనబద్ధమైనది. వెదకి చేరుట, వెన్నంటి చూచుట, భృతికై వాదించుట, గృహవసతి కల్పించుట దాని నాలుగు అంగములు. 2017-18లో ఒక్కసారికి మాత్రమే అని 4 కోట్ల 50 లక్షల డాలర్లు కేటాయించి, పాల్గొను కౌంటీలు సమాన మొత్తము చేర్చవలెనని నియమించిరి. 2019-20 నుండి ఏటా 2 కోట్ల 50 లక్షల డాలర్ల స్థిరమైన కేటాయింపు జరిగినది. 2021-22, 2022-23 సంవత్సరములలో ఏటికి 15 కోట్ల డాలర్లు అదనముగా లభించినవి గాని ఆ అదనము శాశ్వతము కాదు. స్థిర నిధిపై సహాయకులను నియమించి, అదనపు నిధిని ఆ కాలమునకు సరిపడు పనులకు వాడుట వివేకమని దీనివలన తెలియుచున్నది.

అదే రాష్ట్రములోని లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రజలు 2017 మార్చిలో నిరాశ్రయుల సేవలకై డాలరునకు పావు సెంటు అమ్మకపు పన్నును పది సంవత్సరములకు ఓటు ద్వారా ఆమోదించిరి. భృతి దరఖాస్తులకు తోడ్పడు దళమునకు కూడ ఆ పన్ను నుండి నిధి లభించినది. గడువు తీరకముందే, 2024 నవంబరులో, దానికి బదులు అర సెంటు పన్నును గడువు లేకుండ ఆమోదించిరి. అది 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది.

లెక్కలే రక్షణ

నిధి ఇచ్చువారు ప్రతి ఏడును అడుగు ప్రశ్న ఒక్కటే: దీనివలన ఏమి జరిగినది? ఎన్ని దరఖాస్తులు పంపితిరి, ఎన్ని ఆమోదింపబడెను, ఎన్ని దినములు పట్టెను, ఎంత సొమ్ము లభించెను అను నాలుగు లెక్కలు మొదటి దినమునుండి వ్రాసియుంచిన కార్యక్రమము ధైర్యముగా సమాధానము చెప్పగలదు. మంచి పని చేసియు లెక్క వ్రాయనివారు నిధుల కొరత వచ్చినపుడు మొదట నష్టపోవుదురు.

మన పంచాయితీలు గమనింపవలసినది

మన దేశమున 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల శాసనము 2017లో అమలులోనికి వచ్చినది. 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము ప్రత్యేక ప్రయోజనములకు ప్రమాణము. ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛను 2024 జులై నుండి నెలకు 6,000 రూపాయలుగా పెంపబడినది. అయినను బస్సు స్టాండులోను, సత్రపు అరుగుపైనను నిద్రించు ఒంటరివానికి కార్డు లేదు, చిరునామా లేదు, వైద్య శిబిరమునకు తీసికొనిపోవు తోడు లేదు. అతడు ఏ జాబితాలోను లేడు గనుక అతని దరఖాస్తు తిరస్కరింపబడినట్లు కూడ ఎచటను నమోదు కాదు.

పంచాయితీ సభ్యులు గ్రామసభలో ఈ మూడు విషయములను విచారింపవచ్చును. ఇట్టివారు మన ఊర ఎందరు కలరు? వారి వెంట శిబిరమునకు పోవు బాధ్యత పేరుపేరున ఎవరిది? ఆ రాకపోకల ఖర్చు ఈ ఏటికే గాక వచ్చు ఏటికిని ఎక్కడనుండి రాగలదు? మొదటి రెండు ప్రశ్నలకు మంచి మనస్సు గల ఏ ఊరైనను సమాధానము చెప్పగలదు. మూడవదానికి సమాధానము లేనిచో మొదటి రెండును ఒక ఏడాదికే పరిమితమగును. సభ్యులు దీనిని ఆలోచించి తగు నిర్ణయము గైకొందురని ఆశించుచున్నాము.