21 కొట్టేదాకా గెలిచినట్టు కాదు!

గల్లీ క్రికెట్‌కి ఐసీసీ రూల్స్ పనికిరావు. గోడ దాటితే అవుట్. ఒన్ పిచ్ పట్టినా అవుట్. బ్యాట్ ఎవడిదైతే ఫస్ట్ బ్యాటింగ్ వాడిదే! అమెరికా వీధుల్లో బాస్కెట్‌బాల్‌ది కూడా ఇదే కథ. రిఫరీ ఉండడు, విజిల్ ఉండదు. పాయింట్ కొట్టడం ఎంత ముఖ్యమో, ఎదుటివాడిని బోల్తా కొట్టించి కొట్టడం అంతకంటే ముఖ్యం. ఆ వీధి ఆటని ఉన్నదున్నట్టు తెర మీదకి తెచ్చిన గేమ్ ‘ఎన్‌బీఏ స్ట్రీట్ వాల్యూమ్ 2’. ఈఏ స్పోర్ట్స్ బిగ్ బ్రాండ్ మీద 2003లో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్‌లకి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా స్ట్రీట్ బాస్కెట్‌బాల్ గేమ్ అనగానే ఫ్యాన్స్ ముందు చెప్పేది దీని పేరే. అంత గొప్పదా? గొప్పదే. లోపాలు లేవా? ఉన్నాయి. వాటిలో ఒకటి మన ఫోన్లలోని గేముల దాకా వచ్చి కూచుంది కూడా.

ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది

అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. టైమర్ లేదు. ఆట 21 పాయింట్లకి. మామూలు బాస్కెట్‌కి ఒక పాయింట్, గీత అవతల నుంచి వేస్తే రెండు. ఫౌల్స్ లేవు కాబట్టి తోసెయ్యొచ్చు, లాక్కోవచ్చు, రింగ్ దాకా వెళ్లిన బంతిని ఎగిరి కొట్టెయ్యొచ్చు. అసలు బాస్కెట్‌బాల్ రూల్స్ ఒక్కటీ తెలియనివాడు కూడా ఐదు నిమిషాల్లో ఆడేస్తాడు.

అయితే ఆడటం ఈజీ కానీ, బాగా ఆడటం ఈజీ కాదు. ట్రిక్ బటన్‌ని టర్బో బటన్లతో కలిపి నొక్కితే రకరకాల డ్రిబుల్స్ వస్తాయి. బంతిని ఎదుటివాడి నుదుటికేసి కొట్టి మళ్లీ పట్టుకునే ట్రిక్ కూడా ఉంది! కాకపోతే ప్రతి ట్రిక్‌కీ రిస్క్ ఉంటుంది. షో చేస్తున్న ఆ అర సెకనులో అవతలివాడు బంతి లాక్కుపోవచ్చు. స్టైలు కొట్టాలా, సింపుల్‌గా పాయింట్ తెచ్చుకోవాలా? ఈ డైలమా ప్రతి పది సెకన్లకీ వస్తుంది. గేమ్‌కి ప్రాణం అదే.

ఒక్క దెబ్బకి స్కోరు తారుమారు

ట్రిక్స్ చేస్తుంటే ఒక మీటర్ నిండుతూ ఉంటుంది. నిండగానే ‘గేమ్‌బ్రేకర్’ మన చేతికొస్తుంది. అది వాడి బాస్కెట్ వేస్తే మన స్కోరు పెరగడమే కాదు, అవతలివాళ్ల స్కోరు తగ్గుతుంది కూడా. క్రికెట్‌లో మనం సిక్స్ కొడితే అవతలి టీమ్ పరుగులు తగ్గిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే 20 పాయింట్ల మీద ఉన్నవాడికి కూడా గ్యారంటీ లేదు. వెంటనే వాడకుండా దాచుకుని మీటర్‌ని ఇంకోసారి నింపితే లెవల్ 2 గేమ్‌బ్రేకర్ వస్తుంది, దాని దెబ్బ ఇంకా పెద్దది.

ఇది అన్యాయం కాదా అంటే, కాదనే అంటాను. ఎందుకంటే మీటర్ తెర మీదే ఉంది. అవతలివాడిది ఎంత నిండిందో మనకి కనిపిస్తుంది. వాడికి ట్రిక్స్ చేసే చాన్స్ ఇవ్వకుండా ఆపొచ్చు. ఆపలేక ఓడిపోతే అది మన ఆటలో లోపమే.

డాక్టర్ జె ఆడిన గ్రౌండ్

ఈ గేమ్‌లో కోర్టులు ఉత్త బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు కావు. న్యూయార్క్ హార్లెమ్‌లోని రకర్ పార్క్ ఉంది. హోల్కంబ్ రకర్ అనే ఆయన పేద పిల్లల కోసం మొదలుపెట్టిన టోర్నమెంట్‌తో పేరొచ్చిన చోటు అది. ‘డాక్టర్ జె’గా పేరుపడ్డ జూలియస్ ఎర్వింగ్ నిజంగానే అక్కడ ఆడాడు. గేమ్‌లోనూ ఆయన్ని అక్కడ ఆడించొచ్చు. మైకేల్ జోర్డన్, మ్యాజిక్ జాన్సన్, ల్యారీ బర్డ్ లాంటి పాత లెజెండ్స్, అప్పటి ఎన్‌బీఏ స్టార్స్, కల్పిత వీధి ఆటగాళ్లు అందరూ ఒకే కోర్టులో దిగుతారు. కామెంటరీ చెప్పేది న్యూయార్క్ హిప్‌హాప్ డీజే బాబీటో గార్సియా. స్టూడియో గొంతులా కాకుండా, గోడెక్కి అరిచే వీధి కుర్రాడిలా ఉంటుంది.

తేడా కొట్టేది ఇక్కడే

మొదటి లోపం, డిఫెన్స్. తోయడం, లాక్కోవడం, ఎగిరి ఆపడం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. రెండోది, కొన్నాళ్లకి అవే ట్రిక్స్, అవే కామెంటరీ డైలాగులు. ఒంటరిగా ‘బీ ఎ లెజెండ్’ మోడ్ ఆడుతుంటే మధ్యలో విసుగొస్తుంది. పక్కన ఫ్రెండ్ కూచుంటేనే మజా.

మూడోదే అసలు తలనొప్పి. మనం బాగా ముందుకెళ్తే కంప్యూటర్ టీమ్‌కి పూనకం వచ్చినట్టుంటుంది. అప్పటిదాకా తప్పిన షాట్లన్నీ వరసగా పడతాయి. గేమ్ డిజైన్‌లో దీన్ని ‘రబ్బర్ బ్యాండింగ్’ అంటారు. వెనకబడ్డవాడిని రబ్బరు బ్యాండు కట్టి లాగినట్టు ముందుకు లాగడం అన్నమాట. మ్యాచ్ చివరిదాకా టెన్షన్ ఉండాలని పెట్టే ఏర్పాటు ఇది. కోడ్‌లో చూస్తే చిన్న పనే. స్కోరు తేడా ఎంతుందో చూసి, షాట్ పడే అవకాశాన్ని కొంచెం పెంచితే సరి.

ఈ అలవాటు పాతదే. మిడ్‌వే వాళ్ల 1993 నాటి ఆర్కేడ్ హిట్ ‘ఎన్‌బీఏ జామ్’లోనూ వెనకబడ్డ టీమ్‌కి ఇలాంటి సాయం ఉండేది. దాని డిజైనర్ మార్క్ టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ వీరాభిమాని. పిస్టన్స్‌తో మ్యాచ్‌లో షికాగో బుల్స్ చివరి క్షణంలో వేసే షాట్లు తప్పేలా కోడ్ పెట్టానని తర్వాత ఆయనే చెప్పాడు. వింటే నవ్వొస్తుంది. కానీ నాణెం వేసి బుల్స్‌తో ఆడిన కుర్రాడికి ఆ రోజు ఆ సంగతి తెలియదుగా!

గేమ్‌బ్రేకర్‌కీ దీనికీ తేడా అదే. రెండూ స్కోరుని తిప్పేసేవే. ఒకటి కళ్లముందే ఉంటుంది, రెండోది కోడ్‌లో దాక్కుంటుంది.

మన జేబులోకి వచ్చేసరికి

2005లో ‘వి3’, 2007లో ‘హోమ్‌కోర్ట్’ వచ్చాక ఈ సిరీస్ ఆగిపోయింది. ఆ ఖాళీలోకి 2017లో ‘ఎన్‌బీఏ ప్లేగ్రౌండ్స్’, మరుసటి ఏడాది ‘ఎన్‌బీఏ 2కె ప్లేగ్రౌండ్స్ 2’ వచ్చాయి. ఇద్దరిద్దరు ఆడే సరదా ఆటలే. కానీ ప్లేయర్లు కార్డు ప్యాకుల్లో వస్తారు. మనకి కావాల్సిన స్టార్ ఏ ప్యాకులో ఉన్నాడో తెలియదు. రెండోదానిలో అసలు డబ్బుతో కొనే గేమ్ కరెన్సీ కూడా పెట్టారు. వాల్యూమ్ 2లో అయితే ఆడి గెలిస్తేనే కొత్త ప్లేయర్లు. అందులో కార్డు గీకే మెషిన్ లేదు.

ఆర్కేడ్‌లో దాచిపెట్టిన కోడ్ మనల్ని ఇంకో నాణెం వెయ్యమంది. ఫోన్‌లోనూ చాలా గేములు ఓడిపోయిన ఆ నిమిషంలోనే ఆఫర్ చూపిస్తాయి. అందుకే వరసగా ఓడిపోతున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: నన్ను ఓడించింది నాకు కనబడిందా? కనబడితే ఇంకో మ్యాచ్ ఆడండి, ఈసారి ఆపొచ్చు. కనబడకుండానే ‘ప్యాక్ కొనండి’ అన్న బటన్ మాత్రం మెరుస్తోందా? అప్పుడు నొక్కాల్సింది ఆ బటన్ కాదు, వెనక్కి వెళ్లే బటన్.