గెడ్డ ఎండితే అందులోని ప్రాణులు ఏమవుతాయి?

వేసవిలో పొలసర నుంచి ఆస్కా వైపు ప్రయాణించేవారికి దారిలోని గెడ్డలు ఇసుక బాటల్లా కనిపిస్తాయి. దరింగబాడి కొండల్లో పుట్టి సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించే ఋషికుల్య సైతం ఎండల్లో సన్నని పాయగా మిగులుతుంది. ఇది మన ప్రాంతానికే పరిమితం కాదు. ప్రపంచ నదుల మొత్తం పొడవులో సగానికి పైగా భాగంలో ఏటా కనీసం ఒక్కరోజైనా ప్రవాహం ఆగిపోతుందని 2021లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన అంచనా వేసింది. అయితే నీరు పోయిన చోట ప్రాణం కూడా పోయిందనుకోవడం పొరపాటు.

గెడ్డ ఒక్కసారిగా ఎండదు. మొదట రాళ్లమీదుగా గలగల పారే నీరు ఆగుతుంది. ఆ ఒరవడిలోని ప్రాణవాయువే ఆధారంగా రాళ్లనంటి బతికే మేఫ్లై పిల్లలు, పారే నీటికి వల పన్ని ఆహారం పట్టే కాడిస్‌ఫ్లై పిల్లలు ముందుగా కనుమరుగవుతాయి. తరువాత నీరు మడుగులుగా విడిపోయి వేడెక్కుతుంది. పైకి వచ్చి గాలి పీల్చగల నీటి పెంకుపురుగులు, వేటాడే తూనీగ పిల్లలు ఆ ఇరుకులో గుమిగూడి మిగిలినవాటిని భక్షిస్తాయి.

మనిషికి ముప్పు కూడా ఈ దశలోనే ఉంది. వేటాడే జీవులు లేని చిన్న గుంటల్లో దోమపిల్లలకు అడ్డుండదు. మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ కులిసిఫేసిస్ దోమకు నదీగర్భంలోని నిలవ గుంటలు ఎంతో అనుకూలం. 1934లో శ్రీలంకలో వానలు ముఖం చాటేసి నదులు గుంటలుగా మిగిలినప్పుడు ఈ దోమే విజృంభించింది. మరుసటి ఏడాదికి దాదాపు 80 వేలమంది మరణించారు. ఈ దోమ ఒడిశాలోనూ ఉన్నదే.

గుంటలూ ఎండాక? రెక్కలున్నవి ఎగిరిపోతాయి. నత్తగుల్ల మూత బిగించుకొని బురదలో నిద్రిస్తుంది. కొన్ని జాతులు గుడ్లుగా వానకోసం వేచి ఉంటాయి. నైజీరియా, యుగాండా దేశాల రాతిగుంటల్లో ఉండే ఒక చిన్న ఈగ పిల్ల ఒంట్లో నీరు మూడు శాతానికి పడిపోయినా చావదు. పదిహేడేళ్ల తరువాత కూడా నీరు తగిలి లేచిన దాఖలా ఉంది. మన గెడ్డల్లోని పురుగులకు అంతటి శక్తి ఆశించలేము. వాటిలో చాలావాటికి దిక్కు ఇసుక కింది చెమ్మే. చెలమ తవ్వితే ఊరే నీరు ఏదో, వాటి ఆశ్రయమూ అదే.

అందుచేతనే ఇసుకను అడుగున బంకమన్ను కనిపించేవరకు తవ్వుకుపోతే పోయేది ఇసుక ఒక్కటే కాదు. తొలకరి పడగానే గెడ్డలో మొదట కనిపించేవి దోమపిల్లలు, బురదలోని ఎర్రపురుగులు. వాటిని తినే జీవులు ఇసుకలోంచి, ఎగువనుంచి, మిగిలిన మడుగులనుంచి రావాలి. ఏ మలుపులోనో చెట్టునీడన మిగిలిన లోతు మడుగును మోటారు పెట్టి అడుగంటా తోడేస్తే వాటి రాక ఆలస్యమవుతుంది. దోమలకు ఆ మేరకు వ్యవధి దొరుకుతుంది, చేపపిల్లలకు మేత ఆ మేరకు వెనుకబడుతుంది.