నీటి అడుగున బడి

తెలుగు బడికి పిల్లల్ని దింపి బయట కాఫీలు తాగేటప్పుడు లోకంలోని కబుర్లన్నీ దొర్లుతాయి. మేము వేసవి సెలవుల్లో హవాయి వెళ్ళి స్కూబా డైవింగు నేర్చుకున్న సంగతి అక్కడే బయటపడింది. "ఈత బాగా రావాలా అండీ?" "పిల్లల్ని కూడా దింపారా?" "సొరచేపలుండవూ?" అని తలో ప్రశ్నా వేశారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టుంటుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

సొరచేపల సంగతి ముందే చెప్పేస్తాం. మాకు ఒక్కటీ కనబడలేదు. మమ్మల్ని ఇబ్బంది పెట్టినవి మూడే: ఒక ఫారం, ఒక చెవి, "ఇంత దూరం వచ్చాక వెనక్కి తగ్గడమేమిటి" అనే మన మొండితనం.

స్కూబా అనేది ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాల కూర్పు. నీటి కింద ఊపిరి పీల్చుకునేందుకు వెంట తీసుకుపోయే పరికరమని దాని అర్థం. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యాఁ అనే ఇంజనీరు కలిసి దీన్ని పనికొచ్చే రూపానికి తెచ్చారు. సిలిండర్లో బిగించి నింపిన గాలిని, మనం పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయేలా నోటికి అందించే కవాటమే ఇందులో కీలకం. దాన్ని రెగ్యులేటర్ అంటారు.

నేర్చుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఒక్కరోజు పరిచయం. పొద్దున పాఠం చెప్పి, లోతు లేని నీళ్ళలో సాధన చేయించి, శిక్షకుడు పక్కనే ఉండి 12 మీటర్లు మించకుండా తిప్పి తెస్తాడు. పదేళ్ళు నిండిన పిల్లలు కూడా వెళ్ళవచ్చు. రెండోది 'ఓపెన్ వాటర్' కోర్సు. ఇందులో పాఠాలు, పరీక్ష, ఈతకొలనులో సాధన, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలుతూ ఉండాలి. వేగంతో పనిలేదు. ఉత్తీర్ణులైతే 18 మీటర్ల దాకా వెళ్ళడానికి కార్డు ఇస్తారు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మాత్రం హద్దు 12 మీటర్లే. పాఠాలూ ఈతకొలను సాధనా మన ఊళ్ళోనే ముగించుకుని, సముద్రం డైవ్‌లు సెలవుల్లో చేసుకోవచ్చు. సెలవు దినాలు తరగతి గదిలో గడిచిపోకుండా మేము అలాగే చేశాం.

ఇక ఫారం సంగతి. చేరేముందు ఆరోగ్య ప్రశ్నావళి నింపాలి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి ఉన్నాయా అని అడుగుతారు. 'అవును' అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. మా ఇద్దరిలో ఒకరికి చిన్నతనం నుంచీ ఉబ్బసం ఉంది. ఈమధ్య రాలేదు గానీ ఇన్‌హేలర్ మాత్రం సంచిలోనే ఉంటుంది. "లేదని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్న ఆలోచన మాకూ వచ్చింది. పక్కన కూర్చుని మా పద్నాలుగేళ్ళ అమ్మాయి తన ఫారం తాను నింపుకుంటోంది. దాని కళ్ళెదుట అబద్ధం రాయడానికి చెయ్యి ఆడలేదు. డాక్టరు పరీక్ష చేసి వద్దన్నారు. అలా మాలో ఒకరం ఎనిమిదేళ్ళ బాబుతో పడవ దగ్గరే స్నార్కెల్ పెట్టుకుని ఈదడానికీ, రెండోవారం అమ్మాయితో కోర్సు చెయ్యడానికీ నిర్ణయమైంది.

డాక్టరు ఎందుకు వద్దన్నారో పాఠాలు చదివాక బాగా అర్థమైంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. పైన నిండుగా ఊదిన బుడగను 10 మీటర్ల లోతుకు తీసుకెళ్తే సగమవుతుంది. దీన్ని తిరగేసి చూడండి. 10 మీటర్ల దగ్గర నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవుతుంది. పోయే దారి లేక లోపలి పొరల్ని చించుతుంది. ఈతకొలనంత లోతు నుంచి వచ్చినా ఈ ప్రమాదం ఉంది. ఉబ్బసంలో గాలి దారులు బిగుసుకుపోతాయి కాబట్టి గాలి లోపలే చిక్కుకోవచ్చు. అందుకే స్కూబాలో మొట్టమొదటి సూత్రం: ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదు. ప్రాణాయామంలో పూరకం, కుంభకం, రేచకం అని మూడుంటాయి కదా. నీటి కింద పూరకం ఉంది, రేచకం ఉంది, కుంభకం నిషిద్ధం!

సైగల పాఠం సరదాగా ఉంటుంది గానీ తేలిగ్గా తీసుకునేది కాదు. బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపితే 'అంతా బాగుంది'. బొటనవేలు పైకి చూపితే 'భేష్' అని కాదు, 'పైకి పోదాం' అని. ఈ తేడా మాకు మూడో డైవ్‌లో అనుభవానికొచ్చింది.

మేము వెళ్ళింది హవాయి దీవుల్లో పెద్దదైన బిగ్ ఐలండ్. దాని పడమటి ఒడ్డున ఉన్న కోనా వైపు గాలి ఉధృతిని పెద్ద పెద్ద అగ్నిపర్వతాలు అడ్డుకుంటాయి. అందువల్ల సముద్రం నెమ్మదిగా, నీళ్ళు తేటగా ఉంటాయి. మొదటిరోజు రెండు డైవ్‌లూ హాయిగా సాగాయి. పసుపుముద్దల్లాంటి టాంగ్ చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. చిలకచేపలు పగడపు రాళ్ళను కొరుకుతుంటే ఎవరో శనగలు నములుతున్నట్టు చప్పుడు వినబడింది. అవి కొరికి విసర్జించిన పొడే తెల్లటి ఇసుకగా ఒడ్డు చేరుతుందట. నీళ్ళలో ఎరుపు రంగు అన్నిటికంటే ముందు మాయమవుతుంది. మా అమ్మాయి ఎర్ర ఫిన్స్ కాస్త లోతుకు వెళ్ళేసరికి మట్టిరంగుకు దిగాయి.

రెండోరోజు పొద్దున అమ్మాయికి కాస్త ముక్కు దిబ్బడ. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. దిగుతున్నప్పుడు ముక్కు మూసుకుని మెల్లిగా ఊదితే దాని గుండా గాలి వెళ్ళి, కర్ణభేరికి రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది. నొప్పి మొదలవకముందే, ప్రతి మీటరుకూ ఇలా చేస్తూ దిగాలి. జలుబుంటే గొట్టం తెరుచుకోదు. అప్పుడు బలవంతంగా ఊదితే చెవి దెబ్బతింటుంది. అమ్మాయి ఐదు మీటర్ల దగ్గర ఆగిపోయింది. కాస్త పైకి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించింది. చివరికి బొటనవేలు పైకి చూపింది. అలవాటు కొద్దీ మేమూ సంతోషంగా బొటనవేలు ఎత్తాం! శిక్షకుడు మాత్రం వెంటనే గ్రహించి అందరినీ నెమ్మదిగా పైకి తీసుకొచ్చాడు.

పడవ ఎక్కాక, "ఇంకొంచెం ఓర్చుకుంటే అయిపోయేదేమో తల్లీ!" అన్న మాట మా నోట జారింది. అమ్మాయి మొహం చిన్నబోయింది. శిక్షకుడికి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. ఆమెతో చేయి కలిపి, "ఈ రోజు పాఠం బాగా నేర్చుకున్నది నువ్వే" అన్నాడు. తరవాత మావైపు తిరిగి డైవర్లలో తరతరాలుగా ఉన్న ఒక నియమం చెప్పాడు. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా డైవ్ ఆపెయ్యమనవచ్చు. ఎందుకని అడగకూడదు, ఎగతాళి చెయ్యకూడదు. కారణం చెప్పుకోవాలంటే బిడియపడి, బాధను దాచుకుని లోతుకు పోయేవాళ్ళుంటారు కాబట్టి ఆ నియమం.

మాకు సిగ్గేసింది. స్పెల్లింగు పోటీ అయినా, లెక్కల పరీక్ష అయినా "మధ్యలో వదలకూడదు" అని పిల్లలకు నూరిపోసేది మనమే. "వద్దు అనిపిస్తే చెప్పు, మేమేమీ అనం" అని చెప్పిన గుర్తు మాత్రం మాకు లేదు. ఆ మధ్యాహ్నం అమ్మాయికి సారీ చెప్పాం.

సెలవుల్లో డైవింగు చేసేవాళ్ళు మరిచిపోకూడని సంగతి మరొకటి ఉంది. లోతులో ఒత్తిడి వల్ల మనం పీల్చే గాలిలోని నత్రజని రక్తంలో ఎక్కువగా కరుగుతుంది. గోలీసోడా మూత తీస్తే బుడగలు పొంగినట్టు, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే అది ఒంట్లో బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. 1908లో హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మేకలపై ప్రయోగాలు చేసి, ఎంత నెమ్మదిగా పైకి రావాలో పట్టికలు కట్టాడు. ఇప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకుండా వచ్చి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమంటారు.

పైకి వచ్చాక కూడా ఒంట్లో కొంత నత్రజని మిగిలే ఉంటుంది. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, ఒకటికి మించితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కొండ ఎక్కినా గాలి ఒత్తిడి తగ్గుతుంది. 4,207 మీటర్ల మౌనకేయా శిఖరానికి వెళ్ళేవారు 24 గంటల ముందు వరకూ డైవింగు చేసి ఉండకూడదని హెచ్చరిస్తారు. పొద్దున డైవ్, సాయంత్రం మౌనకేయా మీద సూర్యాస్తమయం అని మేము గొప్పగా ప్రణాళిక వేసుకున్నాం. పాఠం చదివాక అదంతా కొట్టేసి, కొండ సోమవారం, సముద్రం బుధ గురువారాలు, విమానం శనివారం అని మార్చుకున్నాం.

వెళ్ళాలనుకునే తల్లిదండ్రులకు మా మాట ఇదీ. ఫారంలో నిజం రాయండి. జలుబుంటే ఆ రోజు మానుకోండి. డైవింగును ప్రయాణం చివర కాకుండా మధ్యలో పెట్టుకోండి. తాబేలు ఎంత దగ్గరికొచ్చినా ముట్టుకోకండి. అన్నిటికంటే ముందు, బొటనవేలు ఎత్తితే ఎవరూ ఏమీ అనరని బయల్దేరకముందే ఇంట్లో కూర్చుని పిల్లలకు చెప్పండి.

అన్నట్టు, మిగిలిపోయిన రెండు డైవ్‌లూ అక్టోబరులో మాంటెరేలో పూర్తయ్యాయి. హవాయిలోలా గోరువెచ్చని నీళ్ళు కావవి. మందపాటి సూటు వేసుకున్నా పళ్ళు టకటకలాడాయి. నీళ్ళలోకి దిగేముందు అమ్మాయి మావైపు తిరిగి, "చలి ఎక్కువైతే మీరు కూడా బొటనవేలు చూపించవచ్చు, నేనేమీ అనను" అంది.