ఓడిపోతాం లేవోయ్!

మా బావగారికి ఫుట్‌బాలు పిచ్చి. వారి తాతగారి నాడే చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన కుటుంబం అది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, మైదానంలో ఏ భాషకూ అందని కేకలు. పదవీ విరమణ చేసి మల్లేశ్వరంలో విశ్రాంతి తీసుకొంటున్నారని బంధువులు అంటారు గాని, కంఠీరవ స్టేడియంలో ఆట ఉన్న రోజున ఆయనకు విశ్రాంతి లేదు, మా అక్కయ్యకు అసలే లేదు.

2025 ఏప్రిల్ రెండవ వారంలో నేను చెన్నపట్నం నుంచి వారింటికి వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూండగానే, కుశల ప్రశ్నకు మారుగా, “ఓడిపోతాం లేవోయ్!” అన్నారు బావగారు. ఎవరితో, ఎందులో అని నేను అడుగలేదు. ఆ శనివారం, అనగా 12వ తేదీ రాత్రి, కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తుది పోటీ. ఒక వంక బెంగుళూరు, మరొక వంక మోహన్ బగాన్. ఆ మాట పలికిన మనిషే అప్పటికి రెండు రోజుల ముందునుంచీ వరండాలోని పేము కుర్చీని టెలివిజన్ ఎదుటికి చేర్చి, దాన్ని ఎవరూ కదపకూడదని ఆంక్ష పెట్టారట. శనివారం సాయంత్రానికి కేసరిబాతు చేయమని అక్కయ్యకు ముందుగానే చెప్పి ఉంచారు కూడా. ఓడిపోయేవారికి కేసరిబాతు ఎందుకో నాకు బోధపడలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన తన సందేహాలను పద్దు పుస్తకంలా విప్పారు. మోహన్ బగాన్ ఆ ఏడాది లీగులో 56 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచింది. అంతకు ముందటి ఏడూ మొదటి స్థానం దానిదే. పోటీ జరిగేది వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ జనం నడుమ. జనవరిలో అక్కడికే వెళ్ళి బెంగుళూరు జట్టు ఒక గోలుతో ఓడి వచ్చింది. 2023 మార్చిలో గోవాలో ఇదే కప్పుకు ఇదే జట్టుతో తలపడి, ఆట 2–2గా ముగిసి, పెనాల్టీలలో కప్పు చేజారిపోయింది. ఇదంతా ఖర్చు వైపు. జమ వైపు ఏముందని అడిగాను. కొంచెం సేపు అన్నం కలిపి, గొంతు తగ్గించి, ఎవరైనా వింటే దిష్టి తగులుతుందన్నట్టు చెప్పారు: “సెప్టెంబరు 28న ఇక్కడ, మన కంఠీరవలో, వాళ్ళను మూడు–సున్నాతో కొట్టాం. నేను చూశాను.” ఆ “నేను చూశాను” అన్న మాటలో ఉన్నది చాలు, ఆయన అసలు అభిప్రాయమేమిటో తెలియడానికి.

ఇంకొక ఆశ కూడా ఉంది. దాని పేరు సునీల్ ఛేత్రి. నలభై యేళ్ళు నిండిన మనిషి. ఆ ముందు ఆదివారమే గోవాలో జరిగిన ఆటలో, ఇక అదనపు సమయం తప్పదని అందరూ అనుకొంటున్న చివరి నిమిషాలలో, తలతో గోలు కొట్టి జట్టును తుది పోటీకి చేర్చాడు. “వాడు పుట్టింది మన సికింద్రాబాదులోనే తెలుసునా?” అన్నారు బావగారు. నిజమే, 1984లో అక్కడే పుట్టాడు. తండ్రి సైన్యంలో ఉండేవాడు. అయితే సికింద్రాబాదులో పుట్టినంత మాత్రాన కలకత్తాలో గోలు పడుతుందా అని అక్కయ్య అడిగింది. దానికి ఆయన వద్ద జవాబు లేదు.

ఆయనకు ధైర్యం చెబుదామని నేను పాత సంగతి ఒకటి ఎత్తాను. ఆటకంటే ఆటల కథలమీదనే నాకు మోజు ఎక్కువ. “బావగారూ, ఇప్పుడు మీరు కొండంత చేసి చూస్తున్న ఈ మోహన్ బగాన్ వారే ఒకప్పుడు వట్టికాళ్ళతో నిలబడి, మీకంటె ఎక్కువగా గుండెలు చిక్కబట్టుకొన్నారు” అన్నాను. అది 1911 నాటి మాట. ఫుట్‌బాలు ఎరిగినవారికి ఆ కథ తెలిసే ఉంటుంది. కాని ఆట ముందు వారాలలో చూడవచ్చినవారు అనుభవించిన అవస్థను గురించి చెప్పుకొనేది తక్కువ. అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు పోటీలు 1893లో మొదలైనవి. పద్దెనిమిదేళ్ళపాటు ఆ షీల్డు ఏ భారతీయ జట్టుకూ దక్కలేదు. తెల్లవారి పటాలాలు వచ్చేవి, గెలిచేవి, పోయేవి. 1892లో శోభాబజార్ జట్టు ట్రేడ్స్ కప్పు ఆటలో ఈస్ట్ సర్రే పటాలాన్ని ఓడించడం, మోహన్ బగాన్ 1906 నుంచి వరుసగా మూడేళ్ళు ఆ ట్రేడ్స్ కప్పును గెలవడం వంటి చిన్న దీపాలు లేకపోలేదు. అయినా 1909లో షీల్డులో దిగిన మోహన్ బగాన్‌ను గార్డన్ హైలాండర్స్ పటాలం ఇంటికి పంపింది. అంటే, ఆశకు ఒక కారణం దొరికినప్పుడల్లా సందేహానికి రెండు దొరికేవన్న మాట.

ఆ సందేహం ఆటను దాటి లోపలికి పోయింది. బెంగాలీలు దేహబలం లేని సుకుమారులని, కలం తప్ప కత్తి పట్టలేనివారని దొరలు పుస్తకాలలో కూడా వ్రాశారు. ఒక మాటను యాభై యేళ్ళు వింటే, వినేవాడికి కూడా ‘నిజమేనేమో’ అనిపిస్తుంది. 1905లో కర్జన్ బెంగాలును రెండు ముక్కలు చేశాడు. విదేశీ వస్త్రాలు తగులబెట్టారు, ఊరేగింపులు తీశారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యాసాలిచ్చినప్పుడు ఆ వేడి మన ఆంధ్రులకూ తగిలింది. కాని 1911 నడిమికి బెంగాలు ఇంకా ముక్కలుగానే ఉంది. అటువంటి సమయంలో మైదానంలో పదకొండుగురు పటాలం వారికి ఎదురు నిలబడితే, చూసేవాడు గోళ్ళు మాత్రమే లెక్క పెట్టుకొంటాడా?

ఇక పాదాల సంగతి. పదకొండుగురిలో పదిమంది వట్టికాళ్ళవారు. బూట్లు తొడిగినవాడు సుధీర్ ఛటర్జీ ఒక్కడే, వృత్తికి అధ్యాపకుడు. ఎండిన నేలమీద వట్టికాళ్ళవాడు లేడిలాగా తిరుగుతాడు. బంతి వేళ్ళ సందున చిక్కినట్టు మాట వింటుంది. నేల తడిస్తే కథ అడ్డం తిరుగుతుంది. మేకులు దిగవేసిన బూటు బురదలో నాటుకొని నిలుస్తుంది, పాదం జారుతుంది. షీల్డు జరిగేది జూలై నెలలో. కలకత్తాలో జూలై అంటే వానలు. కనుక ఆ రోజులలో వట్టికాళ్ళ జట్టును అభిమానించేవాడు జట్టుకంటే ముందుగా మబ్బు వంక చూసేవాడు. (ఈ భయం వట్టిది కాదని తరువాత తేలింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతోనే ఆడి యుగొస్లావియా చేతిలో 10–1గా ఓడారు. ఆ ఒక్క గోలు కొట్టిన అహమ్మద్ ఖాన్ బెంగుళూరువాడని బావగారు మధ్యలో అందుకొన్నారు.)

ఆ ఏడు మోహన్ బగాన్ మొదట సెయింట్ జేవియర్స్‌ను 3–0తో, తరువాత రేంజర్స్‌ను 2–1తో, రైఫిల్ బ్రిగేడ్‌ను 1–0తో గెలిచింది. ఒక్కొక్క మెట్టూ ఎక్కేకొద్దీ జనం పెరిగారు, భయమూ పెరిగింది. అభిమానించేవాడి మనస్సు అంతే. మొదటి ఆటలో ఓడితే నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. పైకి పోయేకొద్దీ పడితే తగిలే దెబ్బ పెద్దదవుతుంది. సెమీ ఫైనలులో మిడిల్సెక్స్ పటాలంతో 1–1గా ఆగి, మళ్ళీ ఆడి 3–0తో నెగ్గారు. మిగిలింది ఈస్ట్ యార్క్‌షైర్ పటాలం.

1911 జూలై 29వ తేదీ, శనివారం. ఊళ్ళవాళ్ళను తేవడానికి ప్రత్యేక రైళ్ళు నడిపారు, పడవలు నడిపారు. తూర్పు బెంగాలు నుంచి, అస్సాం నుంచి కూడా జనం దిగారు. రెండు రూపాయల టిక్కెట్టు ఎన్నో రెట్లకు అమ్ముడు పోయింది. చెట్లెక్కినవారు ఎక్కారు, పెట్టెలు పేర్చుకొని నిలబడినవారు నిలబడ్డారు. వచ్చినవారిలో ఆటను కళ్ళారా చూసింది కొద్దిమందే. వెనుక ఉన్న వేలమందికి ఆటలో ఏమి జరుగుతున్నదీ గాలిపటాల మీద వ్రాసి ఎగరవేసి తెలియజేశారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఎదుటివాడి వీపు తప్ప మరేమీ కనబడని చోట నిలబడి, మెడ పైకెత్తి, గాలిపటం మీది అంకె కోసం చూస్తున్న మనిషిని తలచుకోండి. అతనికి తెలిసేది కేక వినబడిందన్న మాట ఒక్కటే. అది మనవాళ్ళ కేకా, వాళ్ళదా అన్నది గాలిపటం లేచేదాకా తెలియదు.

లేచిన మొదటి అంకె చేదుదే. రెండవ సగంలో ఈస్ట్ యార్క్‌షైర్ ఆటగాడు జాక్సన్ ఫ్రీ కిక్కుతో గోలు కొట్టాడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు ప్రకారం కథ అక్కడితో ముగియవలసిందే. కాని కొద్ది సేపటికే నాయకుడు శివదాస్ భాదురీ గోలు కొట్టి సమం చేశాడు. ఆట ముగియవస్తూండగా అభిలాష్ ఘోష్ రెండవది కొట్టాడు. 2–1. ముస్లిం స్పోర్టింగ్ క్లబ్బు సభ్యులు ఆ ఆనందం పట్టలేక నేలమీద పొర్లాడారని ‘ముసల్మాన్’ పత్రిక వ్రాసింది.

ఆ గెలుపు తరువాత పుట్టిన కథలకు లెక్కలేదు. డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో బెంగాలు విభజనను రద్దు చేసి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చుతున్నట్టు ప్రకటించారు గదా, అదంతా ఈ రెండు గోళ్ళ ఫలితమే అనేవారున్నారు. నేను నమ్మను. సామ్రాజ్యాలు ఫుట్‌బాలు చూసి మూటలు కట్టుకోవు. కాని ఆ శనివారం రాత్రి ఇళ్ళకు నడిచి పోయినవారు ‘నిజమేనేమో’ అన్న ఆ పాత మాటను మైదానంలో వదిలి పోయారన్నది నమ్ముతాను.

బావగారు అంతా విని, “మరి వాళ్ళను కొట్టినవాళ్ళ సంగతి కూడా చెప్పవోయ్, నాకు కావలసింది అది” అన్నారు. అదీ న్యాయమే. 1950 నాటికి మోహన్ బగాన్ తానే కొండ అయింది. శైలేన్ మన్నా వంటి వాడున్న జట్టు అది. ఢిల్లీలో డ్యూరాండు కప్పు తుది పోటీలో దానికి ఎదురు నిలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. కలకత్తావారి దృష్టిలో దక్కనువాళ్ళకు ఫుట్‌బాలులో ఏపాటి చోటుండేదో ఊహించవచ్చు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. మొదటి ఆట 2–2. మళ్ళీ ఆడారు. 1–0తో హైదరాబాదు గెలిచింది. అదే 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పు వరుసగా అయిదేళ్ళూ వాళ్ళదే. అప్పుడు కూపరేజ్ మైదానంలో కూర్చొని “ఓడిపోతాం లేవోయ్” అనుకొన్నవారు బొంబాయివారు!

శనివారం రాత్రి ఏడున్నరకు పేము కుర్చీ తన స్థానంలో ఉంది. బావగారు ఉలకలేదు, పలకలేదు. మొదటి సగం గోళ్ళు లేకుండా పోయింది. రెండవ సగం మొదలైన నాలుగు నిమిషాలకు, మన వైపునుంచి వచ్చిన బంతిని అడ్డబోయి వాళ్ళవాడే వాళ్ళ గోలులోకి పంపాడు. స్టేడియం మూగబోయింది. మల్లేశ్వరంలో మా వీధి మాత్రం మ్రోగింది. బావగారు లేచి నిలబడి, వెంటనే భయపడి కూర్చొన్నారు. “ఇంకా నలభై నిమిషాలుంది” అన్నారు, ఎవరో బెదిరించినట్టు. 72వ నిమిషంలో పెనాల్టీ. సమం. అదనపు సమయంలో, 96వ నిమిషంలో మెక్లారెన్ గోలు. మోహన్ బగాన్ 2–1.

అక్కయ్య కేసరిబాతు తెచ్చి ముందు పెట్టింది. ఆయన మాట్లాడకుండా తిన్నారు, రెండవ మారు వడ్డించుకొన్నారు కూడా. తెల్లవారి కాఫీ త్రాగుతూ, రాత్రంతా లెక్క వేసినవాడిలా నా వంక తిరిగి అన్నారు:

“ఏమోయ్, 1911లో మొదటి గోలు ఎవరిది?”

“ఈస్ట్ యార్క్‌షైర్ వాళ్ళది, బావగారూ.”

“చివరికి ఎంత?”

“రెండు–ఒకటి.”

“ఏ వారం?”

“శనివారం.”

కాఫీ గ్లాసు క్రింద పెట్టి, “ముందే నోరు మూసుకొని ఉండవలసింది నువ్వు” అన్నారు. నేను రైలెక్కేదాకా ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. పేము కుర్చీని మాత్రం వరండాలోకి చేర్చనివ్వలేదని తరువాత అక్కయ్య ఫోనులో చెప్పింది.